పత్తర్‌గట్టీ కమానుకు కొత్త బోర్డు: రాతికి బోల్టు పడకుండా ఎలా పెట్టాలి?

చార్‌కమాన్_కళ్లజోడు

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్ దగ్గరి రాతి కమానుల బజారు పత్తర్‌గట్టీ వరుసలో ఒక మల్గీ (దుకాణం గది) అద్దెకు తీసుకున్నాను. వచ్చే నెలలో అందులో కళ్లజోళ్ల దుకాణం తెరవాలి. లోపలి పని దాదాపు పూర్తయింది కానీ, పేచీ అంతా బయటి బోర్డు దగ్గర వచ్చింది. బోర్డులు చేసే అతను వచ్చి చూసి, ఈ స్తంభం నుండి ఆ స్తంభం దాకా ఇనుప ఫ్రేము వేసి, దానికి ఏసీపీ షీటు (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ గుజ్జున్న పలక) బిగించి, మీద యాక్రిలిక్ అక్షరాలు పెట్టి లోపల ఎల్‌ఈడీ వెలిగిస్తానన్నాడు. అలా చేస్తే కమాను పై సగం కనబడకుండా పోతుంది. యజమాని గారేమో రాతికి ఒక్క బోల్టు పడినా అద్దె ఒప్పందం రద్దేనని చెప్పారు. మరి పక్క మల్గీకి సరిగ్గా అలాంటి బోర్డే ఉంది కదా అని అడిగితే, అది తన తండ్రి కాలంలో పెట్టిందట, ఇప్పుడు తీయమనలేరట.

నాకు మూడు విషయాలు తెలియాలి. రాతిని ముట్టకుండా బోర్డు నిలబెట్టే మార్గం ఉందా? అనుమతి ఎవరిని అడగాలి? కమాను మూయకపోతే గిరాకీకి దుకాణం కనబడుతుందా?

కోఠీసేఠ్

మూడవ ప్రశ్నకు మాత్రం నేను ఇప్పుడే జవాబు చెప్పగలను. కనబడదు. పండుగ రోజుల్లో ఆ రద్దీలో జనం తల ఎత్తి చూసే క్షణంలో మీ పేరు కళ్లకు కొట్టాలి. పక్కవాడి బోర్డు నాలుగు అడుగుల ఎత్తు ఉన్నప్పుడు మీది ఒక అడుగు ఉంటే, అద్దె మీరు కట్టి గిరాకీ అతనికి పంపినట్టే అవుతుంది.

పాతబస్తీ_నడక

కోఠీసేఠ్ గారి మాట ప్రకారమే అందరూ నడుచుకున్నందువల్ల ఆ వీధి ఇవాళ ఇలా తయారయింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు బస్తీలను విప్పి రోడ్లు వేసి, ఈ బజారును రెండు అంతస్తుల రాతి ముఖంతో, కింద నడిచేవారికి నీడనిచ్చే వరండాతో కట్టించింది. దాని అందమంతా ఒక కమాను పక్కన అదే కొలతతో మరో కమాను సాగిపోవడంలోనే ఉంది. మదీనా కూడలి వైపు నుండి చార్మినార్ దిక్కుగా నడిచి చూడండి, మీకు కమానుల వరుస కాక ఏసీపీ షీట్ల వరుస కనబడుతుంది. చాలా చోట్ల ఆ షీట్ల అంచున రాతి వంపు ఒక జానెడు మాత్రం బయటకు తొంగి చూస్తూ ఉంటుంది.

కోఠీసేఠ్

వీధి అందానికి నా బోర్డు ఒక్కటే అడ్డమైతే ఈ రోజే తీసేస్తాను. నా ఒక్కడిదీ తీస్తే మిగిలిన యాభై అలాగే ఉంటాయి, నష్టం మాత్రం నాకు మిగులుతుంది.

డంగుసున్నం

నేను పాత కట్టడాల మరమ్మతు పనులు చేయించే ఇంజనీరును. చార్‌కమాన్_కళ్లజోడు గారి మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగానే చెబుతాను.

యజమాని గారు రాతికి బోల్టు వద్దని అనడం మంకుపట్టు అనుకోకండి. గ్రానైటు గట్టిదే, కానీ అంచుల దగ్గర హ్యామర్ డ్రిల్లు పెడితే పెచ్చులు ఎగురుతాయి. అంతకన్నా పెద్ద సమస్య తరువాతి సంవత్సరాల్లో వస్తుంది. మామూలు ఇనుప యాంకర్ బోల్టు వానకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రాయి లోపలి నుండి బీటలు వారుతుంది. పాత కట్టడాల ముఖం మీద ఒక రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగులు కనబడితే, అక్కడ ఎప్పుడో ఒక బోర్డో తీగల క్లాంపో ఉండేదని అర్థం. ఆ రంధ్రాన్ని తరువాత ఎవరో సిమెంటుతో పూడుస్తారు. బూడిద రంగు మచ్చ అలాగే మిగిలిపోతుంది. పైగా పాత కట్టుబడిలో రాళ్ల మధ్య ఉన్నది సున్నం. అది నీటిని పీల్చి తిరిగి ఆవిరిగా వదులుతుంది, సిమెంటు ఆ దారిని మూసేస్తుంది.

తప్పనిసరిగా బిగించవలసి వస్తే రాతిలో కాక రెండు రాళ్ల నడుమ సున్నం నింపిన సందులో, అంటే దర్జులో బిగించాలి. దర్జు చెడితే డంగుసున్నంతో (గానుగలో ఆడించిన సున్నంతో) మళ్లీ నింపవచ్చు, రాయి చెడితే మరో రాయి దొరకదు. బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి, డ్రిల్లు హ్యామర్ మోడులో ఉండకూడదు.

అయితే మీ విషయంలో అది కూడా అవసరం లేదనుకుంటున్నాను. కమాను లోపలి ఖాళీలో ఒక స్వతంత్ర చట్రం నిలబెట్టవచ్చు. అటూ ఇటూ రెండు చదరపు స్టీలు పైపులు నేల మీద బేస్ ప్లేట్లతో నిలబడతాయి, పైన కమాను వంపు మొదలయ్యే చోటికి దిగువన ఒక అడ్డ పైపు వాటిని కలుపుతుంది, రాతికి తగిలే చోట రబ్బరు దిమ్మలు ఉంటాయి. జాకీ స్క్రూతో (తిప్పితే పొడవు పెరిగి పక్కకు ఒత్తే స్క్రూతో) కొద్దిగా బిగిస్తే అది కదలకుండా నిలుస్తుంది. అక్షరాలు ఆ అడ్డ పైపు మీద కూర్చుంటాయి. రేపు మీరు ఖాళీ చేస్తే రెంచి పట్టుకొని విప్పుకుపోవచ్చు, గోడ మీద మచ్చ ఉండదు.

గుల్జార్‌హౌజ్

డంగుసున్నం గారు, జాకీ స్క్రూ ఎక్కువ బిగిస్తే స్తంభాన్నే పక్కకు నెట్టదా? మా బంధువుల మల్గీలో ఇలాగే షెల్ఫుల చట్రాన్ని దట్టించి బిగించారు, గచ్చు పూత ఊడి వచ్చింది.

డంగుసున్నం

నెడుతుంది, అందుకే బరువంతా నేల మీదికి దిగాలి. స్క్రూ ఉన్నది చట్రం ఊగకుండా పట్టి ఉంచడానికి మాత్రమే. చేతితో తిప్పినంత బిగువు చాలు, స్పానరు పెట్టకూడదు. మీ బంధువుల చట్రంలో బరువు పక్క గోడల మీద పడి ఉంటుంది. ఇంకొక సంగతి, పూత ఉన్న గోడకు దిమ్మ ఆనించకూడదు, ఉత్త రాయి కనబడే చోటే ఆనించాలి.

దస్తావేజు

అనుమతుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మూడు రకాల నిబంధనలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

మొదటిది చార్మినార్‌కు సంబంధించింది. 1591 నాటి ఆ కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించినప్పటి నుండి రక్షిత కట్టడం హద్దుకు 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆ తరువాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు, ఉన్నదానికి మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. పత్తర్‌గట్టీ వరుస పొడవైనది కాబట్టి మీ మల్గీ ఏ కొసన ఉందో దాన్ని బట్టి లెక్క మారుతుంది. చార్మినార్ వైపు కొసన మచ్లీ కమాన్ దగ్గరైతే ఒక రకం, అవతలి కొసన మదీనా దగ్గరైతే మరో రకం. గోడను, కప్పును ముట్టకుండా విప్పదగిన చట్రం పెడితే మీ వాదన బలంగా ఉంటుంది, అయినా ముందుగా రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడమే మేలు.

రెండవది వారసత్వ కట్టడాల వ్యవహారం. హైదరాబాదులో ఇదివరకు నగరాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనల్లో 13వదాని కింద భవనాల జాబితా ఉండేది, వాటి ముఖం మార్చాలంటే హెరిటేజ్ కమిటీ సలహా తీసుకునేవారు. 2015 చివరలో ఆ నిబంధనను తొలగించారు. తరువాత 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది.

మూడవది నగరపాలక సంస్థ ప్రకటన ఫలకాల నిబంధన. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 68వ నంబరు జీవో ప్రకారం భూమి నుండి 15 అడుగులకు పైన ప్రకటన ఫలకాలు ఉండకూడదు. ఇది హోర్డింగుల వాళ్లకే అనుకుంటారు కానీ, మేడ మీద పేరు పెట్టుకునే దుకాణాలకూ నోటీసులు వెళ్లాయి. కాబట్టి బోర్డు చేసే అతను మీకు మొదటి అంతస్తు బాల్కనీని కూడా కలుపుకుందామని చెబితే ఒప్పుకోకండి.

కోఠీసేఠ్

దస్తావేజు గారు చెప్పినవన్నీ కాగితం మీద ఉన్నవే. ఆ కాగితం పట్టుకొని మా వీధికి వచ్చి కొలిచినవారు ఎవరూ లేరు. వచ్చినప్పుడు కూడా కొత్తగా పెట్టినవారికే నోటీసు ఇస్తారు, పాతవి అలాగే ఉంటాయి. నిబంధన పాటించేవాడికి శిక్ష, పాటించనివాడికి వీధంతా అన్నట్టుంది వ్యవహారం.

దస్తావేజు

ఆ అన్యాయం నిజమే. కానీ కొత్తవారికే నోటీసు వస్తుందని మీరే చెప్పారు, ఈ చర్చ మొదలుపెట్టినవారు కొత్తవారే.

మిట్టమధ్యాహ్నం

హ హ. కోఠీసేఠ్ గారు తన వాదనతోనే అవతలి పక్షాన్ని గెలిపించారు.

రంగుబ్రష్షు

మా నాన్నగారు బోర్డులు రాసేవారు. ఫ్లెక్సు వచ్చాక ఆ పని పోయింది, నేను ఇప్పుడు గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నాను. కనబడదు అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది.

దుకాణం కనబడటానికి బోర్డు వైశాల్యం కన్నా అక్షరం ఎత్తు, దాని చుట్టూ వదిలిన ఖాళీ, అక్షరానికీ నేపథ్యానికీ ఉన్న తేడా ముఖ్యం. మా పనిలో వాడే మోటు లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవవచ్చు. రోడ్డు అవతలి వైపు నుండి కనబడాలంటే ఆరేడు అంగుళాల అక్షరం సరిపోతుంది. నాలుగు అడుగుల షీటు మీద అక్షరం తొమ్మిది అంగుళాలే ఉండి, మిగిలిన చోటంతా కళ్లజోడు పెట్టుకున్న మోడల్ బొమ్మ, మూడు ఫోను నంబర్లు, కంపెనీల గుర్తులు నింపిన బోర్డులు ఎన్నో చూశాను. చోటు ఎక్కువై అక్షరం చిన్నదైన బోర్డులవి.

ఇక మూడు లిపుల సంగతి. దుకాణాల నిబంధనల ప్రకారం పేరు తెలుగులో ఉండి తీరాలి, ఆ బజారులో ఉర్దూ లేకపోతే వ్యాపారమే లేదు, ఇంగ్లీషు అందరూ పెడతారు. సన్నని పట్టీలో మూడూ పట్టించేటప్పుడు చాలామంది ఇంగ్లీషు కొలతతో గీతలు గీసి మిగిలిన రెండింటినీ అందులో ఇరికిస్తారు. తెలుగులో వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, ఉర్దూ రాసే నస్తలీఖ్ రాతలో పదం కుడి నుండి ఎడమకు వాలుగా దిగుతుంది. ఆ రెండింటికీ పైనా కిందా చోటు వదలకపోతే అక్షరం నలిగిపోతుంది. మీ పట్టీ ఎత్తు 18 అంగుళాలు ఉందనుకుంటే తెలుగుకు, ఉర్దూకు సగం సగం ఇచ్చి, ఇంగ్లీషును అద్దాల తలుపు మీద రాయించండి.

వాల్తేరు_గాలి

రంగుబ్రష్షు గారి పోస్టు దాచుకున్నాను. విశాఖ పాతపట్నంలో కురుపాం మార్కెట్టు వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇదే బాధ. ముఖద్వారం మీది కట్టుబడి చూద్దామని తల ఎత్తితే ఫ్లెక్సులో ఎవరి పుట్టినరోజు శుభాకాంక్షలో కనబడతాయి. దుకాణం బోర్డుకైనా అద్దె కట్టేవాడు ఒకడుంటాడు, ఫ్లెక్సుకు ఎవరూ ఉండరు.

నిర్వాహకులు

ఫ్లెక్సుల మీద వేరే చర్చ ఉంది. ఇక్కడ శాశ్వత దుకాణ ఫలకాల గురించే మాట్లాడవలసిందిగా మనవి. మరొక మాట, దుకాణాల పేర్లు రాసిన రెండు పోస్టులను తొలగించాము.

ఆవన్_తీరం

నేను ఇంగ్లాండులో బాత్ నగరంలో ఉంటున్నాను. ఇక్కడ లిస్టెడ్ భవనంలో (చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాకు ఎక్కినదానిలో) దోసెల హోటలు పెట్టిన మిత్రుడి అనుభవం మీకు పనికి రావచ్చు. మొత్తం నగరమే 1987 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. బోర్డు పెట్టాలంటే రెండు వేర్వేరు అనుమతులు చూసుకోవాలి. ప్రకటనగా దానికి ఒక అనుమతి, చారిత్రక భవనం ముఖాన్ని మార్చే పనిగా మరొక అనుమతి. రెండవది లేకుండా పని చేయిస్తే అది నేరం కింద లెక్క, జరిమానాతో ముగియకపోవచ్చు కూడా.

మిత్రుడు మొదట ఇచ్చిన నమూనా లోపల దీపాలున్న ప్లాస్టిక్ పెట్టె. దాన్ని తిరస్కరించారు. తరువాత చెక్క పలక మీద చేత్తో రాయించిన పేరు, దాని మీద పడేలా చిన్న దీపం అని ఇస్తే ఒప్పుకున్నారు. ఆలస్యానికి మొదట బాగా తిట్టుకున్నాడు కానీ, వీధిలో ఏ దుకాణానికీ పెట్టె బోర్డు లేదు కాబట్టి అతని చిన్న పలక అందరి పలకల లాగే కనబడుతోంది. కోఠీసేఠ్ గారి భయం ఉన్నది పక్కవాడి బోర్డు పెద్దదైనప్పుడే. అందరికీ ఒకే కొలత పెడితే ఆ పోటీయే ఉండదు.

కోఠీసేఠ్

ఆవన్_తీరం గారు, ఇంత దూరం వచ్చాక నేను కూడా అదే అంటున్నాను. ముందు అందరికీ కొలత పెట్టండి, అప్పుడు నన్ను అడగండి. అక్కడ మీ నగర సభ అందరి మెడలూ ఒకేసారి వంచుతుంది. ఇక్కడ ఒక్కొక్కరినీ మంచివాడివి కమ్మని బతిమాలుతున్నారు.

పాతబస్తీ_నడక

మన దేశంలోనూ అలా చేసినవారున్నారు. జైపూర్ పాత నగరంలో బజారు దుకాణాల పేర్లు తెల్లని నేపథ్యం మీద నల్ల అక్షరాలతో ఒకే తీరుగా ఉంటాయి. గులాబీ రంగు గోడ మీద ఆ పట్టీ వరుసగా సాగుతుంది. అక్కడ ఎవరి వ్యాపారమూ మూతపడలేదు, మనవాళ్లే వెళ్లి దుప్పట్లు మోసుకొస్తారు.

ముంబయిలో దాదాభాయి నౌరోజీ రోడ్డు ఇంకా దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే అదీ కమానుల వరండాలున్న వీధే. అక్కడ బోర్డులు స్తంభాలను, కమానుల తలలను మింగేసిన స్థితిలో, వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా ఒక్కొక్క భవనానికీ బోర్డు ఎక్కడ పెట్టవచ్చో గీసి చూపించి, దుకాణదారులతో మాట్లాడి ఒప్పించారు. బోర్డులు కమాను ఖాళీలోకి జరిగాయి, స్తంభాలు బయటపడ్డాయి. అక్కడి కథలో నాకు నచ్చింది దుకాణదారులు స్వయంగా కలిసి రావడం. ఒక్కడే వెళ్లి బలి కావడమూ లేదు, అధికారి లాఠీ పట్టుకొని రావడమూ లేదు.

గుల్జార్‌హౌజ్

అంత దూరం ఎందుకు, మొజంజాహీ మార్కెట్టు మన కళ్ల ముందే ఉంది. 1935 నాటి రాతి కట్టడం, గడియారం గోపురం. మరమ్మతుకు ముందు అది రేకు పందిళ్లు, తీగలు, రంగురంగుల బోర్డుల వెనుక దాక్కొని ఉండేది. 2018లో మొదలుపెట్టి అవన్నీ తీసి రాయి కడిగారు, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐస్‌క్రీము కోసం జనం రావడం ఒక్క రోజు కూడా తగ్గలేదు.

కోఠీసేఠ్

మొజంజాహీలో అందరికీ యజమాని ఒక్కరే, అదీ నగరపాలక సంస్థ. పత్తర్‌గట్టీలో మల్గీకి ఒక యజమాని, యజమానికి నలుగురు అన్నదమ్ములు, వారిలో ఇద్దరు ఊళ్లో ఉండరు. ఐస్‌క్రీము దుకాణాలకు మూడు తరాల పేరుంది, బోర్డు లేకపోయినా నడుస్తాయి. కళ్లజోడు దుకాణం వచ్చే నెలలో పుడుతుంది.

డంగుసున్నం

ఈ సారి కోఠీసేఠ్ గారి మాటలో బలం ఉందని ఒప్పుకోవాలి. యాజమాన్యం ముక్కలైన వరుసలో ఒక పద్ధతి తేవడం చాలా కష్టం. రాయి కడగడం గురించి మాత్రం ఒక హెచ్చరిక. పాత బోర్డు తీశాక గోడ నల్లగా ఉందని ఇసుకతో కొట్టించడం, ఆమ్లం పోయించడం చేయకండి. మెత్తని బ్రష్షు, నీళ్లు చాలు.

నల్లకుంట_నడకరి

వ్యాపారం తెలియని వాడినే అయినా, గిరాకీ వైపు నుండి ఒక మాట చెప్పాలి. నేను ఆ బజారుకు తరచూ నడిచి వెళతాను. చార్మినార్ చుట్టూ వాహనాలను తగ్గించినప్పటి నుండి అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది నడిచేవారే. నడిచేవాడు రోడ్డు మధ్య నుండి కాక వరండా కింద నుండో దాని అంచు వెంబడో వెళతాడు. ఆ వరండాలో నడుస్తున్నప్పుడు కమాను మీద నాలుగు అడుగుల బోర్డు ఉన్నా, నలభై అడుగులది ఉన్నా నాకు కనబడదు, ఎందుకంటే అది నా నెత్తి మీద, బయటి వైపుకు తిరిగి ఉంటుంది. నాకు కనబడేది వరండా లోపల, నడకకు అడ్డంగా వేలాడే చిన్న పలక. దూరం నుండి వస్తున్నవాడికి అది ఎదురుగా నిలబడి పేరు చెబుతుంది. పత్తర్‌గట్టీలో అలాంటివి చాలా తక్కువ.

రంగుబ్రష్షు

ఇంత సూటి మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. కళ్లజోళ్ల దుకాణానికి ఇంకా సులువు. పేరు చదవకపోయినా ఒక పెద్ద కళ్లజోడు ఆకారం వేలాడితే చాలు, ఏ భాషవారికైనా అర్థమవుతుంది. రెండు అడుగుల వెడల్పు ఇత్తడి రేకు, రెండు వైపులా కనబడేలా.

చార్‌కమాన్_కళ్లజోడు

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. నిన్న సాయంత్రం టేపు పట్టుకొని వెళ్లి కొలిచాను. కమాను వంపు మొదలయ్యే చోటికి దిగువన షట్టరు పెట్టె పోగా నాకు 20 అంగుళాల పట్టీ దొరుకుతోంది. రంగుబ్రష్షు గారు చెప్పిన 18 అందులో పడుతుంది. వరండా లోకప్పు నుండి పాతకాలపు ఇనుప కొక్కెం ఒకటి దిగి ఉంది, బహుశా దీపం వేలాడదీసేవారేమో. దాన్ని పలకకు వాడుకోవచ్చా?

యజమాని గారికి డంగుసున్నం గారి చట్రం గురించి చెప్పాను. కాగితం మీద గీసి ఇస్తే చూస్తానన్నారు. బోర్డు చేసే అతనికి మాత్రం నచ్చలేదు. పని తక్కువ, తలనొప్పి ఎక్కువ అన్నాడు.

డంగుసున్నం

కొక్కేన్ని చూడకుండా నమ్మకండి. అది ఏ దూలానికి పట్టి ఉందో, దాని మొదలు దగ్గర తుప్పు ఎంత తిన్నదో చూడాలి. తీగ బ్రష్షుతో గీకితే రేకులు రేకులుగా రాలుతుంటే వదిలేయండి. గట్టిగా ఉంటే, పలక బరువుకు మూడు రెట్లు బరువున్న ఇసుక సంచిని ఒక రాత్రి వేలాడదీసి చూడండి, కింద ఎవరూ నడవకుండా తాడు కట్టి. నడిచేవారి తలకు తగలకుండా పలక అడుగు ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలి.

ఇస్త్రీ_చొక్కా

షట్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వీధిలో అందరూ షట్టరు మీద పేరు రాయించారు. దుకాణం మూసి ఉన్నప్పుడు మాత్రమే ప్రకటన, తెరవగానే మాయం.

మిట్టమధ్యాహ్నం

ఆదివారం నాడు ఉచిత ప్రచారం అన్నమాట.

దస్తావేజు

నవ్వులాటగా అన్నారు కానీ, షట్టరు మీద రాత రాతిని ముట్టదు, కమానును మూయదు, ఖర్చూ తక్కువ. పాత కట్టడాల్లో నిజానికి అది మంచి చోటే. ఒప్పందం గురించి చార్‌కమాన్_కళ్లజోడు గారికి ఒక సలహా. యజమాని గారు నోటితో ఒప్పుకున్నా సరే, గీసిన బొమ్మను అద్దె ఒప్పందానికి అనుబంధంగా పెట్టి ఇద్దరూ సంతకాలు చేయండి. చట్రం మీదని, ఖాళీ చేసేటప్పుడు మీరు తీసుకుపోవచ్చని అందులో రాయండి. మరో ఇద్దరు అన్నదమ్ములుంటే వారి సంతకాలు కూడా.

విద్యుత్_బంధం

తీగల గురించి నాలుగు ముక్కలు. నేను కాంట్రాక్టు మీద వైరింగు పనులు చేస్తాను. పాత కట్టడాల ముఖం చెడిపోవడంలో బోర్డు కన్నా దాని వెంట వచ్చే తీగల పాత్ర ఎక్కువ. పైపు పెట్టడానికి గోడకు గాడి కొడతారు, క్లాంపులకు అడుగడుక్కీ మేకు దింపుతారు. మీ చట్రం పైపులు లోపల డొల్లగా ఉంటాయి కాబట్టి తీగను అందులోంచే పైకి తీసుకెళ్లండి. ఎల్‌ఈడీ డ్రైవరును (దీపానికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టెను) బోర్డు వెనుక కాక దుకాణం లోపల పెట్టుకోండి, వేడి బయట ఇరుక్కోదు, పాడైతే నిచ్చెన అవసరం ఉండదు. చట్రానికి ఎర్తింగు తప్పనిసరి. వాన పడ్డ రోజు ఎవరో ఆ పైపును పట్టుకొని నిలబడతారు.

దీపం రంగు కూడా చూసుకోండి. నీలం కలిసిన తెల్లని వెలుగులో గ్రానైటు పాలిపోయి కనబడుతుంది, పసుపు ఛాయ ఉన్న 3000 కెల్విన్ దీపం రాతికి నప్పుతుంది.

కోఠీసేఠ్

ఇన్ని తెలివితేటలు విన్న తరువాత నేను కూడా ఒక లెక్క అడుగుతాను. ఏసీపీ బోర్డుతో పోలిస్తే ఈ చట్రం, ఇత్తడి పలక, చేతి రాత అన్నీ కలిపి ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా? అందం గురించి మాట్లాడినవారెవరూ ధర చెప్పలేదు.

డంగుసున్నం

ఊరికే అంకె చెప్పను, స్టీలు ధర మారుతూ ఉంటుంది. ఏసీపీ పద్ధతిలో స్తంభం నుండి స్తంభానికి ఫ్రేము, దాని మీద మొత్తం షీటు, దాని వెనుక వరుసగా ఎల్‌ఈడీ మాడ్యూళ్లు వస్తాయి. ఇందులో షీటు లేదు, ఎల్‌ఈడీ అక్షరాల మేరకే. దాని బదులు మంచి స్టీలు, చేతిపని పెరుగుతాయి. చివరకు రెండూ దగ్గర దగ్గరగానే తేలుతాయని నా అంచనా. ఏసీపీ కొన్నేళ్లకు ఎండకు వెలిసి, అంచులు విడిపోయి మళ్లీ మార్చవలసి వస్తుంది. పైగా పాత కట్టడం మీద ప్లాస్టిక్ గుజ్జున్న షీటును తీగలతో కలిపి కప్పడం అగ్నిప్రమాదం వైపు నుండి నాకు ఎప్పుడూ నచ్చదు.

చార్‌కమాన్_కళ్లజోడు

యజమాని గారు బొమ్మ మీద సంతకం చేశారు, వారి తమ్ముడు గారి సంతకం ఆదివారం అవుతుంది. కొక్కెం గట్టిగా ఉంది, ఇసుక సంచి పరీక్ష చేయిస్తున్నాను. పాత బోర్డతను ఒప్పుకోలేదు కాబట్టి గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డరుతో మాట్లాడాను. చట్రం అతను చేస్తాడు, అక్షరాలకు రంగుబ్రష్షు గారికి విడిగా సందేశం పంపాను. పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ పట్టీ మీద, ఇంగ్లీషు తలుపు అద్దం మీద. పురావస్తు శాఖకు, నగరపాలక సంస్థకు దరఖాస్తులు దస్తావేజు గారు చెప్పినట్టే రాస్తున్నాను.

పక్క మల్గీ ఆయన వచ్చి చట్రం బొమ్మ చూసి, నీ కమాను కనబడితే నా బోర్డు ఇంకా పెద్దగా కనబడుతుందని నవ్వి వెళ్లారు.

కోఠీసేఠ్

దుకాణం తెరిచాక నేను వచ్చి చూస్తాను. రోడ్డు అవతలి నుండి మీ పేరు చదవలేకపోతే, నాకు కళ్లజోడైనా అవసరమై ఉండాలి, మీకు పెద్ద బోర్డైనా అవసరమై ఉండాలి. రెండింటిలో ఏదైనా మీకు వ్యాపారమే.

గుల్జార్‌హౌజ్

చట్రం అయిపోయింది సరే, ఏసీ బయటి యూనిట్ ఎక్కడ పెడుతున్నారు? ఆ వరుసలో సగం మంది దాన్ని బాల్కనీ రాతి కటకటాలకు వేలాడదీశారు.

చార్‌కమాన్_కళ్లజోడు

దాని గురించి ఇంకా ఆలోచించలేదు. వెనుక సందు వైపు గోడ ఉంది కానీ, రాగి పైపు పొడవు బాగా పెరుగుతుందని ఏసీ అతను అంటున్నాడు.

విద్యుత్_బంధం

ఎన్ని అడుగులు, ఎన్ని మలుపులు వస్తాయో కొలిచి ఇక్కడ పెట్టండి. ఆ దూరానికి మీరు కొన్న యూనిట్ పనికి వస్తుందో లేదో దాని పుస్తకంలోనే రాసి ఉంటుంది, మోడల్ నంబరు చెబితే నేను చూసి చెబుతాను.